మంచు నేలలో పాత తుపాకి, కొత్త తుపాకి

కెనడా దేశపు ఉత్తర భాగము సంవత్సరములో అధిక కాలము మంచుచే కప్పబడి ఉండును. శీతకాలమున అచ్చట ఉష్ణోగ్రత సున్నకు దిగువ 40 డిగ్రీల వరకు పడిపోవుట సాధారణ విషయము. ఊరికిని ఊరికిని నడుమ చాల దూరము. పెక్కు ఊళ్లకు రోడ్లు లేవు. ఈ నేలలో తిరుగువారికి ఎదురుపడు జంతువులలో ధ్రువపు ఎలుగుబంటి ముఖ్యమైనది. ఎదిగిన మగ ఎలుగు సాధారణముగా 350 నుండి 600 కిలోగ్రాముల బరువుండును. అది మనుష్యుని చూచి ఎల్లప్పుడు పారిపోదు. కావున అచ్చటివారికి తుపాకి వేడుకవస్తువు కాదు. మన రైతునకు కొడవలి యెట్టిదో వారికి తుపాకి అట్టిది. ఆహారము సంపాదించుటకును, ప్రాణము కాపాడుకొనుటకును అది కావలెను.

ఈ ప్రాంతమున కెనడియన్ రేంజర్లు అను దళము 1947లో ఏర్పడినది. ఇన్యూట్ జాతివారు, ఇతర ఆదివాసులు, ఇతర పౌరులు ఇందులో ఉన్నారు. వీరు తమ ఊళ్లలోనే ఉండి వేటాడుచు, చేపలు పట్టుచు జీవింతురు. అవసరమైనప్పుడు దారితప్పినవారిని వెదకుట, మంచు దారులను కనిపెట్టుట, సైనికులకు దారి చూపుట వీరి పనులు. ఇప్పుడు 200కు పైగా ఊళ్లలో సుమారు 5,000 మంది రేంజర్లు కలరు. మొదటినుండి వీరికి ఇచ్చిన తుపాకి పేరు లీ-ఎన్‌ఫీల్డ్ నాలుగవ నంబరు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున తయారైన ఆ తుపాకులు ఎలుగుబంటికిని మనుష్యునకును నడుమ డెబ్బది సంవత్సరములు నిలిచినవి. 2018 నుండి వాని స్థానమున సి-19 అను కొత్త తుపాకిని ఇచ్చిరి.

ఇచ్చట రెండు ప్రశ్నలు పుట్టును. పాత తుపాకి చక్కగా పేలుచుండగా దానినేల మార్చవలెను? మార్చినవారు నేటి సైనికులు వాడు స్వయంచాలక తుపాకిని ఇవ్వక, పాతదాని వలెనే చేతితో గడియ తీసి వేయవలసిన తుపాకినే మరల ఏల ఎన్నుకొనిరి? ఈ ప్రశ్నలకు సమాధానము పాఠశాలలో నేర్చుకొను భౌతిక, రసాయన శాస్త్రములలోనే ఉన్నది.

తుపాకిలో జరుగు పని

తూటా నాలుగు భాగముల కూడిక. ఇత్తడి గుల్ల, దాని అడుగున ప్రైమరు అను చిన్న పేలుడు మూత, గుల్లలో మందు, గుల్ల మూతివద్ద బిగింపబడిన గుండు. తూటాను గొట్టపు వెనుక గదిలోనికి త్రోసి, దాని వెనుక బోల్టును మూసెదరు. బోల్టు అనగా తలుపునకు గడియ వంటిది. మీట నొక్కగానే స్ప్రింగు బలముచే ఒక సూది ముందుకు దుమికి ప్రైమరును కొట్టును. ప్రైమరు నిప్పు మందునకు అంటుకొనును. మందు క్షణములో వేడి వాయువుగా మారును.

ఈ వాయువు అన్ని దిక్కులకును ఒత్తిడి చేయును. ముందువైపు గుండును నెట్టును. ప్రక్కలకు ఇత్తడి గుల్లను ఉబ్బించి గదిగోడలకు అదుమును. అందువలన వాయువు వెనుకకు జారిపోదు. వెనుకవైపు బోల్టును నెట్టును. బోల్టు తన గూటిలో బలముగా చిక్కుకొని ఉండుటచేత కదలదు. తుపాకి కాల్చువాని క్షేమమంతయు ఈ గడియ మీద ఆధారపడి ఉన్నది.

గొట్టము లోపలి గోడకు మెలికలు తిరిగిన గాడులు ఉండును. గుండు ఈ గాడులలో ఒరసికొనుచు పోవుటచేత బొంగరము వలె తిరుగును. తిరుగుచున్న బొంగరము పడిపోనట్లే, తిరుగుచున్న గుండు గాలిలో పల్టీకొట్టక ముక్కు ముందుగా పోవును. లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టములో గాడి 10 అంగుళములకు, అనగా 0.254 మీటరుకు, ఒక చుట్టు తిరుగును. గుండు వేగము సెకనుకు సుమారు 744 మీటర్లు. 744ను 0.254 చేత భాగించినచో, గుండు సెకనుకు సుమారు 2,900 చుట్లు తిరుగుచున్నదని తేలును.

గుండు ముందుకు పోవునప్పుడు తుపాకి వెనుకకు తన్నును. ఇది న్యూటన్ మూడవ నియమము. గుండు బరువు 11.3 గ్రాములు. 0.0113ను 744 చేత గుణించిన ద్రవ్యవేగము సుమారు 8.4. తుపాకి బరువు సుమారు 4 కిలోగ్రాములు గనుక, మందు వాయువుల తోపును విడిచిపెట్టినను, తుపాకి సెకనుకు 2 మీటర్ల వేగముతో భుజమును తాకును. తుపాకిని మరీ తేలిక చేసినచో ఈ తాకిడి భరింపరానిదగును.

పాత తుపాకి పుట్టుక

ఈ తుపాకి పేరులోని మొదటి భాగము జేమ్స్ పారిస్ లీ అను శిల్పిది. ఆయన 1831లో స్కాట్లండులో పుట్టి, బాల్యముననే తల్లిదండ్రులతో కెనడాలోని గాల్ట్ అను ఊరికి వచ్చెను. తుపాకి క్రింద తగిలించు తూటాల పెట్టెను, సులభముగా జరుగు బోల్టును ఆయన రూపొందించెను. ఇంగ్లండువారు 1888లో లీ బోల్టును, మెట్‌ఫర్డ్ అను ఇంజనీరు రూపొందించిన గాడులను కలిపి ఒక తుపాకిని చేసిరి. మెట్‌ఫర్డ్ గాడులు లోతు తక్కువై, అంచులు గుండ్రముగా ఉండెడివి. నల్లమందు మసి అంటుకొనకుండ ఉండుటకు అవి తగినవి. కాని అంతలో నల్లమందు పోయి కార్డైటు అను పొగలేని మందు వచ్చినది. అది ఎక్కువ వేడితో మండి ఆ లోతులేని గాడులను త్వరగా అరగదీసినది. కావున ఎన్‌ఫీల్డులోని ప్రభుత్వ కర్మాగారమువారు గాడులను లోతుగా, అయిదుగా మార్చిరి. 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అట్లు పుట్టినది. మందు మారగానే గొట్టము మారవలసి వచ్చుట గమనింపదగినది.

ఈ తుపాకి తూటాకు .303 అని పేరు. గొట్టపు లోపలి వ్యాసము అంగుళములో వేయింట 303 వంతులు, అనగా సుమారు 7.7 మిల్లీమీటర్లు. తెలుగు నాట పోలీసుల చేతిలో చాలకాలము కనిపించిన తుపాకి ఈ కుటుంబమునకు చెందినదే. దానిని జనులు త్రీ నాట్ త్రీ అని పిలిచెడివారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020లో దీనికి వీడ్కోలు చెప్పిరి. ఇట్లు, ధ్రువపు మంచులోను మన ఎండలోను ఒకే కుటుంబపు తుపాకి పనిచేసినది. ధూళి, బురద, చలి ఉన్నచోట కూడ కదలునట్లు దాని భాగముల నడుమ కొంచెము వదులు ఉంచబడుటయే ఇందుకు ఒక కారణము.

చలి చేయు పనులు

ఉక్కు వేడికి వ్యాకోచించి చలికి సంకోచించును. ఒక మీటరు ఉక్కు కడ్డీ ఒక డిగ్రీకి సుమారు 0.000012 మీటరు కురుచనగును. లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టపు పొడవు 0.64 మీటరు. ఇంటిలోని 20 డిగ్రీల నుండి బయట సున్నకు దిగువ 50 డిగ్రీలకు పోయినచో తేడా 70 డిగ్రీలు. ఈ మూడంకెలను గుణించినచో గొట్టము సుమారు అర మిల్లీమీటరు కురుచనగునని తెలియును. తుపాకిలోని భాగములన్నియు ఉక్కే అయినచో అన్నియు ఒకే పాళ్లలో ముడుచుకొనును, చిక్కులేదు. కాని కర్రయు ఉక్కును వేరువేరు పాళ్లలో ముడుచుకొనును. కర్ర గొట్టమును ఒకప్రక్కకు నొక్కినచో గురి తప్పును.

రెండవ చిక్కు నూనె. శీతకాలపు ఉదయమున మన యిండ్లలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టును. యంత్రములకు వాడు నూనెలు అంత త్వరగా గడ్డకట్టకున్నను, చలిలో చిక్కబడి బంక వలె అగును. సూదిని ముందుకు త్రోయు స్ప్రింగు బలములో కొంత ఈ బంకను చీల్చుటకే వ్యయమగును. సూది మెల్లగా తాకినచో ప్రైమరు పేలకపోవచ్చును. అందువలన మంచునేలలో తుపాకికి నూనె అతి తక్కువగా పూయుదురు, లేదా పూర్తిగా తుడిచివేయుదురు.

మూడవది తేమ. చల్లని నీరున్న ఇత్తడి చెంబు పైభాగమున నీటిబొట్లు నిలుచుట అందరును చూచినదే. బయటి చలిలోనుండి తుపాకిని వెచ్చని యింటిలోనికి తెచ్చినచో దానిమీదను, లోపలను ఇట్లే నీరు చేరును. మరల బయటికి తీసికొనిపోగానే ఆ నీరు గడ్డకట్టి బోల్టును బిగించివేయును. కావున అనుభవజ్ఞులైన ఉత్తరదేశపు వేటగాండ్రు తుపాకిని ఇంటిలోనికి తీసికొనిరాక బయటి చలిలోనే ఉంచెదరు. తుపాకికి హాని చేయునది చలికంటె చలినుండి వెచ్చదనమునకును, వెచ్చదనమునుండి చలికిని జరుగు మార్పు.

నాలుగవది గుండు వేగము. మందు చల్లగా ఉన్నచో కొంచెము నెమ్మదిగా మండును. పీడనము తగ్గి గుండు వేగము తగ్గును. ఇంతేగాక చల్లని గాలి దట్టముగా ఉండును. పీడనము ఒకటే అయినచో గాలి సాంద్రత పరమ ఉష్ణోగ్రతకు విలోమముగా ఉండును. 20 డిగ్రీలు పరమమానములో 293. సున్నకు దిగువ 40 డిగ్రీలు 233. 293ను 233 చేత భాగించినచో 1.26 వచ్చును. అనగా ఆ గాలి నాలుగవ వంతు ఎక్కువ దట్టము. గుండునకు అడ్డంకి పెరిగి, దూరపు గురికి అది క్రిందుగా తగులును.

చేతి గడియ ఏల?

స్వయంచాలక తుపాకిలో మందు వాయువులో కొంత భాగము ప్రక్కకు మళ్లించబడి, బోల్టును వెనుకకు త్రోసి, ఖాళీ గుల్లను బయట పారవేయును. స్ప్రింగు కొత్త తూటాను లోనికి నెట్టును. ఇది త్వరితమైన పనియే. కాని దీనికి నియమితమైన శక్తి కావలెను. చలిలో వాయుపీడనము తగ్గి, నూనె చిక్కబడి, సందులలో మంచుపొడి చేరినచో ఆ శక్తి చాలక యంత్రము నడుమ ఆగిపోవచ్చును. చేతి గడియకు శక్తినిచ్చునది మనుష్యుని చేయి. బోల్టు బిగిసినచో చేయి మరికొంత బలము చూపగలదు. యంత్రమునకు ఆ తెలివి లేదు. భాగములు తక్కువగుటచేత పాడగునవియు తక్కువ. ఎలుగు ఎదుట నిలిచిన మనుష్యునకు నిమిషమునకు ఎన్ని గుండ్లు పేలునను లెక్క కంటె, మొదటి గుండు తప్పక పేలుననెడి నమ్మకమే ముఖ్యము. రెండవ ప్రశ్నకు సమాధానమిది.

పాతదానిని ఏల విడువవలెను?

ఇక మొదటి ప్రశ్న. తూటా గదిలో ఎంత బిగువుగా కూర్చుండవలెనో దానికొక కొలత కలదు. .303 తూటా అడుగున ఒక అంచు ఉండును. ఆ అంచు గొట్టపు వెనుక భాగమునకు ఆనుకొని తూటాను నిలుపును. ఏండ్ల తరబడి పేల్చగా బోల్టు ఆనుకొను చోట్లు అరిగి, అంచు వెనుక సందు పెరుగును. సందు మిక్కిలి పెరిగినచో, పేలునప్పుడు ఇత్తడి గుల్ల వెనుకకు సాగి చీలిపోవచ్చును. అప్పుడు వేడి వాయువు కాల్చువాని ముఖముమీదికి రాగలదు. నాలుగవ నంబరు తుపాకిలో దీనికి చక్కని ఉపాయము ఉన్నది. బోల్టు తల ఊడదీయదగినది. 0 నుండి 3 వరకు అంకెలు వేసిన తలలు కలవు; అంకె పెరిగినకొలది తల కొంచెము పొడవగును. సందు పెరిగినప్పుడు పై అంకె తలను బిగించి మరల కొలతకు తెత్తురు.

ఈ ఉపాయము పనిచేయుటకు ఒక షరతు కలదు. ఆ తలలు దొరకవలెను. కెనడాలో టొరొంటో నగరముచెంత లాంగ్ బ్రాంచ్ కర్మాగారమందు ఈ తుపాకులు 1941 నుండి తయారైనవి. తరువాత వాని తయారీ ఆగిపోయినది. ఆ పనిముట్లు, ఆ అచ్చులు, ఆ పనివారు నేడు లేరు. ఉన్న విడిభాగములు ఏటేట తరిగిపోయినవి. ఒక తుపాకిని బాగుచేయుటకు మరియొక తుపాకిని విప్పవలసిన స్థితి వచ్చినచో, దళములోని తుపాకుల సంఖ్య క్రమముగా తగ్గవలసినదే. పాత తుపాకిని విడుచుటకు కారణము దాని బలహీనత కాదు. దానిని బ్రతికించు విడిభాగములు దొరకకపోవుటయే.

తూటా సంగతియు ఇట్టిదే. .303 తూటాను వాడు సైన్యములు నేడు మిక్కిలి అరుదు. భారతదేశము ఈ చిక్కును వేరొక విధముగా విప్పినది. 1962 చైనా యుద్ధానంతరము ఇషాపూర్ కర్మాగారమువారు లీ-ఎన్‌ఫీల్డ్ నమూనానే ఉంచి, మేలైన ఉక్కును వాడి, 7.62 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా చేసిరి. ఆ తూటాలో పీడనము ఎక్కువగుటచేత ఉక్కును మార్చక తప్పలేదు.

కొత్త తుపాకి

కెనడావారు కోరిన తుపాకి సున్నకు దిగువ 51 డిగ్రీల నుండి సున్నకు ఎగువ 39 డిగ్రీల వరకు పనిచేయవలెను. ఫిన్లండులోని సాకో సంస్థవారి టిక్కా నమూనా ఇందుకు ఎన్నిక అయినది. ఫిన్లండు కూడ చలిదేశమే. ఆ సంస్థ అనుమతితో కెనడాలోని కిచెనర్ పట్టణమందు కోల్ట్ కెనడావారు 6,820 తుపాకులను తయారు చేసిరి. విడిభాగములు స్వదేశములోనే దొరకవలెనను ఆలోచన ఇందులో స్పష్టము. జేమ్స్ లీ పెరిగిన గాల్ట్ ఊరు ఈ కిచెనర్‌కు పొరుగుననే ఉన్నది.

కొత్త తుపాకి తూటా 7.62 మిల్లీమీటర్లది. దీని అడుగున పొడుచుకొని వచ్చు అంచు లేదు. గుల్ల భుజమే గదిలో ఆనుకొనును. అంచులున్న తూటాలు పెట్టెలో ఒకదాని అంచు మరియొకదాని వెనుక చిక్కుకొనుట కద్దు. ఇందులో ఆ చిక్కు లేదు. బలమును పోల్చినచో, పాత గుండు శక్తి సుమారు 3,130 జౌళ్లు. 9.5 గ్రాముల గుండు సెకనుకు 840 మీటర్ల వేగముతో పోవు సాధారణపు 7.62 తూటాకు శక్తి సుమారు 3,350 జౌళ్లు. తేడా నూటికి ఏడు మాత్రమే. బలము కొరకు ఈ మార్పు జరుగలేదని అంకెలే చెప్పుచున్నవి.

కొత్త గొట్టము తుప్పుపట్టని ఉక్కుతో చేసినది. ఇట్టి ఉక్కులో నూటికి కనీసము పదిన్నర పాళ్లు క్రోమియము ఉండును. క్రోమియము గాలిలోని ఆమ్లజనితో కలిసి పైన పలుచని పొరగా ఏర్పడును. గీత పడినను ఆ పొర తిరిగి పుట్టును. పూర్వపు తూటాల ప్రైమర్లలో పొటాసియము క్లోరేటు ఉండెడిది; పేలిన పిదప అది పొటాసియము క్లోరైడుగా మారి గొట్టములో మిగిలెడిది. అది ఉప్పు వంటి లవణము. తేమను పీల్చి ఉక్కును తినివేయును. నూనెలో కరగదు, నీటిలో కరగును. అందుచేత పాత తుపాకులను వేడినీటితో కడిగి, ఆరబెట్టి, పిదప నూనె పూయు ఆచారము ఏర్పడినది.

మీట చుట్టునున్న వలయమును, బోల్టు పిడిని పెద్దవి చేసిరి. దళసరి చేతితొడుగు తీయకయే కాల్చుటకు ఇది అవసరము. ఆ చలిలో వట్టి చేతితో ఉక్కును తాకినచో చర్మము అంటుకొనిపోవును. గురి చూచుటకు దుర్భిణి అద్దముల మీద ఆధారపడక ఉక్కుతో చేసిన రంధ్రమును, ముల్లును అమర్చిరి; ఊపిరి ఆవిరి అద్దముమీద మంచుగా పేరుకొనునుగదా. కర్రభాగమును పలుచని చెక్క పొరలను జిగురుతో అదిమి చేసిరి. ఒంటి కర్ర తేమకు ఒకవైపు ఉబ్బి వంగును. పొరల కర్ర ఒకదానినొకటి పట్టియుంచుటచేత తక్కువగా వంగును. మంచులో దూరమునుండి కనబడుటకు దానికి ఎర్రరంగు వేసిరి.

ఐనను కర్ర కర్రయే. కొత్త తుపాకులలో కొన్నింటి కర్రభాగములు పిదప పగుళ్లు చూపినవి. పొరలైనను, జిగురైనను, కర్ర తనలోని తేమను చుట్టునున్న గాలితో సమము చేసికొనును. ధ్రువపు చలిగాలిలో నీటి ఆవిరి మిక్కిలి తక్కువ. కర్ర తేమను కోల్పోయినచో ముడుచుకొనును, ముడుచుట సమముగా లేనిచోట చీలును. డెబ్బది ఏండ్ల పరీక్ష పాత తుపాకికి జరిగినది; కొత్తదానికి ఆ పరీక్ష ఇప్పుడే మొదలైనది.

తరగతిలో ఈ సంగతులను సులభముగా చూపవచ్చును. గాలి నింపిన బుడగను విడిచినచో తుపాకి తన్ను అర్థమగును. బొంగరము గుండు తిరుగుడును చూపును. కొబ్బరినూనె సీసా, చల్లని చెంబు మిగిలిన రెంటిని చూపును. మార్చవలసిన పనిముట్టు ఏదైనను, పంపుసెట్టుగాని కుట్టుమిషనుగాని, మొదట అడుగవలసిన ప్రశ్నలు ఇవియే: పాతదానిలో నిలుపుకొనవలసిన గుణము ఏది? అరుగు భాగము ఏది? ఆ భాగము రేపు ఎచ్చట దొరకును? కెనడావారు ఈ మూడింటిని అడిగి, గడియను నిలిపిరి, ఉక్కును మార్చిరి, విడిభాగములను ఇంటికి తెచ్చుకొనిరి. అనుమతిపత్రము కలిగి సేవలోనున్న రేంజర్లకు మాత్రము వారి పాత తుపాకిని కానుకగా ఇచ్చివేసిరి. అది ఆ వస్తువు పొందదగిన మర్యాదయే.